ముందు నోరు, తర్వాత ముక్కు: మత్తు దిగుతున్న పసిపిల్లల గళ్ళ, చొంగ చూసుకోవడం

మొదటి పాప మా ఇంటికి ఒక జనవరి రాత్రి వచ్చింది. పుట్టి పంతొమ్మిది రోజులు. కౌంటీ ఆఫీసు అమ్మాయి కార్ సీటుతో సహా హాల్లో దించి, కాగితాల మీద సంతకాలు పెట్టించుకుని వెళ్ళిపోయింది. సంచీలో ఏముందా అని చూస్తే నాలుగు గౌన్లు, ఒక పాలపొడి డబ్బా, ముక్కులో, నోట్లో ఉన్నది పీల్చి తీయడానికి ఆస్పత్రి వాళ్ళిచ్చిన నీలం రంగు రబ్బరు బల్బు. పాప గుర్రుగుర్రుమని ఊపిరి తీస్తోంది. పెదాల మీద నురగ. చూస్తుండగానే వరసగా ఐదు తుమ్ములు. అప్పుడు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరున్న అమ్మ తొంగి చూసి, "పడిశం పట్టిందే దీనికి. వాము వేయించి కాపడం పెడదామా?" అంది.

పడిశం కాదు. ఆ సంగతి నా బుర్రకెక్కడానికి పది రోజులు పట్టింది. ఈలోగా నేనో తప్పు కూడా చేశాను.

మేం అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఉంటాం, కొలంబస్‌కి గంట దూరంలో. మా అమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయాక ఫాస్టర్ లైసెన్సు తీసుకున్నాం. ఇది దత్తత కాదు. కన్నతల్లి కోలుకునేదాకా బిడ్డను మనింట్లో పెట్టుకుని చూడటం. ఇప్పటికి ఐదుగురు వచ్చారు. ఐదుగురికీ తల్లి కడుపులో ఉండగానే మత్తుమందు తగిలింది. పేర్లు, ఫొటోలు బయటపెట్టకూడదు గనక మొదటి పాప, రెండో బాబు అంటూ వచ్చిన వరసలోనే చెప్తాను. నేను నర్సును కాను, లైబ్రరీలో పనిచేసేదాన్ని. ఇందులో ఉన్నది ఆస్పత్రి నర్సులు, పిల్లల డాక్టరు, పాలు పట్టడం నేర్పే థెరపిస్టు నాకు చూపించినవీ, నేను నా చేతులతో చేసినవీ. మీ పిల్ల డాక్టరు వేరేగా చెప్తే ఆయన మాటే వినండి.

లైసెన్సు గురించి కనుక్కుందామని ఫోన్ చేసే తెలుగువాళ్ళు రెండో నిమిషంలో అడిగేది ఒకటే. "అక్కా, ఆ చీమిడి, ఆ చొంగ, ఎట్లా వేగుతావు?" అందుకే ఇది రాస్తున్నాను.

అంత గళ్ళ ఎక్కణ్ణుంచి వస్తుంది

హెరాయిన్, ఫెంటానిల్, ఆక్సికోడోన్, మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ అన్నీ నల్లమందు జాతివే. తల్లి రక్తంలోంచి మాయ దాటి బిడ్డకు చేరతాయి. బొడ్డు కోయగానే ఆ సరఫరా ఆగిపోతుంది. హెరాయిన్ అయితే ఒక రోజులోపే, మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్ అయితే ఎక్కువగా రెండు మూడు రోజులకు బిడ్డలో తేడా కనిపిస్తుంది. ఈ మందులు మెదడులో ఒంటిని ఉరుకులు పెట్టించే నార్‌అడ్రినలిన్ అనే రసాయనాన్ని తొక్కిపట్టి ఉంచుతాయట. పట్టు వదలగానే అది ఎగదన్నుతుంది. అప్పుడే చెమటలు, వణుకు, కీచుమనే ఏడుపు, ఆవలింత మీద ఆవలింత, నీళ్ళ విరేచనాలు, తుమ్ములు, ముక్కు దిబ్బడ. పెద్దవాళ్ళకు మత్తు దిగేటప్పుడు ముక్కూ కళ్ళూ కారిపోతాయి చూడండి, అదే ఇది కూడా.

ఫిలడెల్ఫియాలో లొరెట్టా ఫినెగన్ అనే డాక్టరు 1975లో ఈ లక్షణాలకు మార్కులు వేసే పట్టిక ఒకటి తయారుచేశారు. ఇప్పటికీ చాలా ఆస్పత్రుల్లో దాని రూపాలే వాడతారు. మొదటి పాప కాగితాల్లో ఆ పట్టిక నకలుంది. అందులో ముక్కు దిబ్బడకు 1, వరస తుమ్ములకు 1, ముక్కుపుటాలు ఎగరేస్తే 2. అది చదివాక గానీ నాకు తట్టలేదు. నేను పడిశం అనుకుని తుడుస్తున్నది నరాల గొడవ. ముక్కులో ఉన్నది తీస్తే పోయేది కాదు.

మరి తీయడం ఎందుకంటారా? పుట్టిన మొదటి కొన్ని నెలలు పిల్లలు ఊపిరి ముక్కుతోనే తీస్తారు. నోటితో తీయడం ఇంకా సరిగా రాదు. పాలు తాగుతూ ఊపిరి తీయాలంటే ముక్కు తెరుచుకుని ఉండాలి. ముక్కు మూసుకుంటే పిల్ల రెండు గుక్కలు పీల్చి, వదిలేసి, ఏడ్చి, మళ్ళీ అందుకుని, పొలమారి కక్కేస్తుంది. కాబట్టి ముక్కు మెరిసిపోయేలా కడగక్కర్లేదు. పాలు తాగేంత, నిద్రపోయేంత దారి ఉంటే చాలు.

వణుకు, విరేచనాలు కొన్ని వారాల్లో తగ్గుతాయి. తుమ్ములు, చిరాకు, తేలిగ్గా ఉలిక్కిపడటం మాత్రం నాలుగు నుంచి ఆరు నెలల దాకా సాగొచ్చు. మా రెండో బాబుకు ఐదో నెల దాకా ఉన్నాయి.

ఇక్కడ ఒక మాట. "మత్తుకు బానిసై పుట్టింది" అని మనవాళ్ళు జాలిగా అంటుంటారు. అనకండి. బానిస కావడానికి ఆ పిల్ల ఏం వెతుక్కుంది, ఏం కోరుకుంది? ఒంటికి అలవాటైంది, అంతే. కన్నతల్లి సంగతి కూడా చివర్లో చెప్తాను.

బల్బు వాడే తీరు

ఉప్పునీటి చుక్కలు, బల్బు, మెత్తటి గుడ్డ. అంతకన్నా ఏమీ అక్కర్లేదు. చుక్కలు మందుల షాపులో దొరికే సెలైన్ చుక్కలే అయ్యుండాలి. సీసా మీద సోడియం క్లోరైడ్, నీళ్ళు తప్ప ఇంకేమీ ఉండకూడదు. ఇంట్లో ఉప్పు కలిపి చేయొద్దు. పాళ్ళూ కుదరవు, శుభ్రతా ఉండదు. ఇండియాలో ఉన్నవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. షాపులో "ముక్కు చుక్కలు" అనడిగితే దిబ్బడ తీసే మందు చుక్కలు చేతిలో పెట్టే అవకాశం ఉంది. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ అని రాసి ఉంటే తిరిగిచ్చేయండి.

వేళ ముఖ్యం. పాలకు పది పదిహేను నిమిషాల ముందు చేయాలి. పాలు తాగాక చేస్తే తాగిందంతా మీ ఒళ్ళోకే వస్తుంది. అదీ పిల్ల కళ్ళు తెరిచి నెమ్మదిగా ఉన్నప్పుడే. గుక్కపట్టి ఏడుస్తుంటే ముందు ఊరుకోబెట్టండి. ఈ పిల్లలకు వెలుతురు, చప్పుడు, చేతి స్పర్శ మూడూ ఒకేసారి తగిలితే తట్టుకోలేరు. నేను దీపం తగ్గించి, టీవీ ఆపేసి, మాట్లాడకుండా చేస్తాను. మాట్లాడాలనిపిస్తే అన్నీ అయ్యాక మాట్లాడతాను.

చేతులు లోపల పెట్టి పొత్తిళ్ళలో బిగుతుగా చుట్టండి. లేకపోతే ఆ వణికే చేతులు బల్బును కొట్టేస్తాయి. ఒళ్ళో తల కాస్త ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టి, ఒక్కో ముక్కుపుటంలో రెండేసి చుక్కలు వేయండి. ఒక నిమిషం ఆగండి. ఈ ఒక్క నిమిషమే ఎవరూ ఆగరు. పది సార్లలో ఆరుసార్లు పాపే తుమ్మి బయటకు తెస్తుంది, గుడ్డతో అద్దేస్తే అయిపోతుంది. బల్బుతో పనే ఉండదు.

పనిపడితే మాత్రం ముందు నోరు, తర్వాత ముక్కు. మొదట ముక్కులో పెడితే పిల్ల ఉలిక్కిపడి ఊపిరి ఎగపీలుస్తుంది, నోట్లో ఉన్న గళ్ళ గొంతులోకి జారిపోతుంది. బల్బును పిల్లకు దూరంగా, గాల్లోనే నొక్కి, నొక్కి ఉంచే తీసుకురండి. నోట్లో అయితే బుగ్గ సందులోనే పెట్టాలి, నాలుక వెనక్కి పోనివ్వొద్దు. గొంతు వెనక తగిలితే కక్కడమే కాదు, గుండె వేగం పడిపోవచ్చు కూడా. ముక్కు విషయంలో కొన మాత్రమే రంధ్రం మొదట్లో, కాస్త బయటి వైపుకు వాలేలా. నొక్కు నెమ్మదిగా వదలండి. వచ్చింది టిష్యూ మీద పిండేసి, చాలనిపిస్తే ఆపేయండి. ఇంకొంచెం, ఇంకొంచెం అని వెంటపడొద్దు.

రోజుకు మూడు సార్లు, మహా అయితే నాలుగు. ఇక్కడే నేను తప్పు చేశాను. మొదటి పాప గుర్రుమన్నప్పుడల్లా బల్బు తీసేదాన్ని. రోజుకు పన్నెండు సార్లయినా చేసి ఉంటాను. చేసినకొద్దీ గురగుర పెరిగింది. ఏడో రాత్రి బల్బులో నెత్తురు చార కనిపించేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. మర్నాడు డాక్టరు ముక్కులో లైటు వేసి చూసి, "లోపల గళ్ళ లేదమ్మా, వాపు. నువ్వు లాగి లాగి వాచింది" అని, రెండు రోజులు బల్బు బీరువాలో పెట్టి తాళం వేయమన్నారు. ఉత్త చుక్కలే వేశాను. మూడో రోజుకు సగం తగ్గింది. అప్పట్నుంచి నాకో లెక్క. చప్పుడు ఎంతైనా కానీ, పాలు తాగుతోంది, నిద్రపోతోంది, రంగు బాగుందంటే ముట్టుకోను.

ఒకవైపు గొట్టం పిల్ల ముక్కు దగ్గర పెట్టి, రెండోవైపు మనం నోటితో పీల్చే నోజ్‌ఫ్రీడా లాంటివి కూడా బాగానే పనిచేస్తాయి. మధ్యలో ఫిల్టరు ఉంటుంది, చీమిడి మన నోట్లోకి రాదు. మా ఆయన మాత్రం అది చూసి ఆ పూట అన్నం మానేశాడు. జోరుగా పీల్చొద్దు, లెక్క అదే, మూడు నాలుగు సార్లు.

బల్బును ప్రతిసారీ సబ్బు గోరువెచ్చటి నీళ్ళతో రెండు మూడు సార్లు పీల్చి వదిలి కడిగి, కొన కిందికి పెట్టి ఆరేయండి. ఎంత కడిగినా లోపల తడి ఉండిపోతుంది. మూడు వారాలు వాడినదాన్ని ఒకసారి కత్తెరతో రెండుగా కోసి చూశాను. లోపల నల్లగా బూజు. ఇప్పుడు పది రోజులకోసారి మారుస్తాను, దాని ఖరీదు రెండు కాఫీలంత కూడా ఉండదు.

అమ్మ చేద్దామన్నవి

మా అమ్మ నలుగుర్ని కన్నది, పదకొండు మంది మనవలకు కాళ్ళ మీద పడుకోబెట్టి లాల పోసింది. ఆవిడకు ఈ బల్బు వ్యవహారం పిల్లలాటలా కనిపించింది. నీళ్ళు పోసేటప్పుడు ముక్కులో గట్టిగా ఊది, నోట్లో వేలు పెట్టి గళ్ళ లాగితే తెల్లారేసరికి తేటపడుతుందంటుంది. "మిమ్మల్నందర్నీ అట్లాగే పెంచానే, ఎవరికేమైంది?" అంది.

మామూలు పిల్లకు కూడా డాక్టర్లు వద్దనే చెప్తారు. వేలి గోటి గాయం, నోట్లోంచి సోకే క్రిములు, ఊదితే గళ్ళ చెవి గొట్టంలోకి పోవడం, ఇవన్నీ ఉన్నాయి. మత్తు దిగుతున్న పిల్లకు వీటి మీద ఇంకొకటి. అంత మోటుగా చేస్తే తట్టుకోలేక గంటసేపు వణుకుతూ కీచుమంటుంది, ఆ ఏడుపుతో ముక్కు ఇంకా దిబ్బడేస్తుంది. అమ్మతో వాదించలేదు. తుమ్ము శబ్దానికే పాప చేతులు రెండూ ఎగరేసుకుని వణికిపోవడం చూపించాను. చూసి ఊరుకుంది.

ముక్కులో ఆముదం, నూనె చుక్కలు వేయొద్దు, ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా. వసకొమ్ము అరగదీసి నాకించడం వద్దు. ఏడాది నిండేదాకా తేనె వద్దు, బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. విక్స్ రెండేళ్ళ లోపు పిల్లలకు పూయకూడదని ఆ డబ్బా మీదే రాసి ఉంటుంది. దగ్గు, జలుబు సిరప్పులు రెండేళ్ళ లోపు వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లోనే చెప్పింది. ఈ పిల్లల్లో కొందరు ఆస్పత్రి నుంచి ఫినోబార్బిటాల్ లాంటి మందు మీదే ఇంటికొస్తారు. దానికి తోడు నిద్రొచ్చే సిరప్పు పడితే ఊపిరే మందగిస్తుంది.

సాంబ్రాణి పొగ మానేశాం. దేవుడి దగ్గర అగరొత్తి కూడా వెలిగించం, దీపం చాలు. వంటింటి సంగతి నాకు తర్వాత తట్టింది. ఇక్కడి ఇళ్ళలో శీతాకాలం కిటికీలు బిగించి ఉంటాయి, మా పొయ్యి మీది ఫ్యాను గాలిని బయటకు పంపదు, ఇంట్లోకే తిప్పుతుంది. గుంటూరు మిరపకాయతో తిరగమోత పెట్టానంటే పై గదిలో పాప పది తుమ్ములు. ఇప్పుడు తాలింపులన్నీ గరాజు తలుపు తెరిచి, అక్కడ కరెంటు పొయ్యి మీద. పొరుగావిడ ఏమనుకుంటుందో నాకు తెలీదు.

ఒంటికీ బట్టలకూ పట్టిన సిగరెట్ వాసన కూడా పొగే. పొగతాగి వచ్చినవాళ్ళు చొక్కా మార్చుకుని చేతులు కడుక్కున్నాకే పాపను ఎత్తుకోవాలి. కడుపులో ఉండగా సిగరెట్, నల్లమందు రెండూ తగిలిన పిల్లలకు నిద్రలో ప్రాణం పోయే ముప్పు మామూలు పిల్లలకన్నా ఎక్కువ.

చలికాలం హీటరు గాలికి ముక్కులో గళ్ళ అట్ట కడుతుంది. చల్లటి ఆవిరి వదిలే హ్యుమిడిఫయర్ పెట్టండి, వేడి ఆవిరిది వద్దు, కాలుతుంది. రోజూ నీళ్ళు పారబోసి తుడవండి. గదిలో తేమ 50 శాతం దాటితే గోడలకు బూజు వస్తుంది, అదింకో గొడవ.

పాలు పట్టడం

చొంగ గొడవ సగం పాల దగ్గరే తీరుతుంది. ఈ పిల్లలు పీల్చడంలో ఆత్రం ఎక్కువ. పిడికిళ్ళు, దుప్పటి, మన భుజం, ఏది దొరికితే అది. కానీ పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ ఒక తాళంలో పడవు. మింగలేనిదంతా పెదాల మీదుగా కారుతుంది, లేదా ముక్కులోంచి వస్తుంది. అంటే నోట్లో ఊట ఎక్కువై కాదు, మింగే పని వెనకపడి చొంగ కారుతుంది.

థెరపిస్టు నేర్పినది ఇది. పాపను చుట్టి, మీ ఒళ్ళో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల తుంటికన్నా ఎత్తుగా. సీసాను నిలువుగా కాక అడ్డంగా పట్టుకోండి, పీకలో పాలు సగమే నిండాలి. నెమ్మదిగా వచ్చే పీక వాడండి. మాకు డాక్టర్ బ్రౌన్స్ అనే కంపెనీ సీసాల్లో నెలలు తక్కువ పిల్లల కోసం చేసిన ప్రీమీ పీక పనికొచ్చింది. నాలుగైదు గుక్కలయ్యాక సీసా కిందికి వంచండి, పీక నోట్లోనే ఉంటుంది, పాలు రావు. ఆ సందులో ఊపిరి తీసుకుంటుంది. మళ్ళీ ఎత్తండి. పక్కకు తిరిగి ఉంది గనక ఎక్కువైన పాలు, చొంగ బుగ్గ మీదుగా గుడ్డలోకి జారతాయి, గొంతుకు అడ్డం పడవు.

కొంచెం కొంచెం, రెండు మూడు గంటలకోసారి. ఒక్కో పాలు పట్టడం అరగంట దాటొద్దు, దాటితే తాగినదానికన్నా అలసిపోయేది ఎక్కువ. బరువు పెరగకపోతే డాక్టరు ఔన్సుకు 22, 24 క్యాలరీలుండే పాలు రాస్తారు. చిక్కగా ఉంటే కక్కదని బియ్యప్పిండి, రాగిజావ కలపకండి. తాగాక ఇరవై నిమిషాలు భుజాన నిలువుగా పెట్టుకోండి. త్రేన్పు కోసం వీపు మీద చరచొద్దు, ఉలిక్కిపడతారు. అరచేతితో కింద నుంచి పైకి నిమరండి.

ఊపడం కూడా పక్కలకు కాదు. మన ఉయ్యాల ఊపు వీళ్ళలో కొందరికి పడదు. చుట్టి గుండెకు ఆనించుకుని, తల నుంచి పాదాల వైపు, పైకీ కిందికీ మెల్లగా. మూడో పాపకు నేను గుంజీలు తీస్తే గానీ నిద్ర పట్టేది కాదు. ఆ మూడు నెలల్లో నేను నాలుగు కిలోలు తగ్గాను.

"ఈట్, స్లీప్, కన్సోల్" అని యేల్ యూనివర్సిటీ దగ్గర మొదలైన పద్ధతి ఒకటి ఇప్పుడు చాలా ఆస్పత్రుల్లో నడుస్తోంది. బిడ్డ ఔన్సు పాలైనా తాగుతోందా, గంటసేపు మేలుకోకుండా పడుకుంటోందా, పది నిమిషాల్లో ఊరుకుంటోందా అన్నవే చూస్తారు. మందుకన్నా ముందు ఎత్తుకోవడం, చీకటి గది, పాలు. 26 ఆస్పత్రుల్లో చేసి చూసిన ఫలితం 2023లో వచ్చింది. ఇంటికి పంపగలిగే స్థితికి రావడానికి సగటున 14.9 రోజులు పట్టేది 8.2కు తగ్గింది. ఇంట్లో నేను గళ్ళ విషయంలోనూ ఆ మూడే అడుగుతాను. మూడింటికీ అవునంటే బల్బు జోలికి పోను.

చొంగకు గుడ్డలు, ఒంటికి వేజలిన్

రెండు మూడు నెలలకు ఏ పిల్లకైనా చొంగ మొదలవుతుంది, పళ్ళొస్తున్నాయని కాదు, లాలాజల గ్రంథులు అప్పుడే జోరందుకుంటాయి. మత్తు దిగుతున్న పిల్లలకు మొదటి వారాల చొంగ పోకముందే ఇది వచ్చి కలుస్తుంది. గడ్డం కింద, మెడ మడతల్లో చర్మం చెమ్మకు ఒరిసిపోతుంది. అసలే గడ్డం, మోకాళ్ళు పక్కకేసి రుద్దుకుంటారు.

బజారు బిబ్బులు డజను కొన్నాను. వాటన్నిటికన్నా బాగా పనిచేసినవి అమ్మ తెనాలి నుంచి సామాన్లు చుట్టి తెచ్చిన నాన్న పాత పంచెలు. ముప్ఫై ఏళ్ళు ఉతికిన నూలు, పీల్చుకుంటుంది, గీరదు. చదరంగా నలభై ముక్కలు చేశాం. ఐదుగురు పిల్లల చొంగ ఆ పంచెలే తుడిచాయి.

తుడవడం కాదు, అద్దాలి. పాలకు ముందు, నిద్రకు ముందు గడ్డానికి, మెడకు పలచగా వేజలిన్ రాస్తే చెమ్మ చర్మానికి తగలదు. పౌడరు వద్దు, ఊపిరిలోకి పోతుంది. పసుపు, గంధం కూడా పగిలిన చర్మం మీద వద్దు. మడతల్లో ఎర్రగా మెరుస్తూ, చుట్టూ చిన్న చిన్న పొక్కులుంటే అది బూజు తెగులు, డాక్టరు వేరే పూత రాస్తారు. పడుకోబెట్టేముందు బిబ్బు తీసేయాలి, మెడకు చుట్టుకుంటుంది. పాసిఫయర్ (ఉత్తినే చప్పరించే పీక) ఇవ్వొచ్చు, ఈ పిల్లలకు పెద్ద ఊరట, కానీ దానికి తాడు కట్టొద్దు. పళ్ళ కోసమని అమ్మే పూసల దండలు అసలే వద్దు.

పడుకోబెట్టడం

ఇక్కడ అమ్మకూ నాకూ నిజంగానే మాటామాటా వచ్చింది. "గళ్ళ ఉన్న పిల్లను వెల్లకిలా వేస్తావా? గొంతుకు అడ్డంపడి పోతుంది. పక్కకి తిప్పు, లేకపోతే తల కింద దిండు పెట్టు." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం పైన ఉంటుంది, అన్నం గొట్టం కింద. కక్కినా కిందనే ఉండిపోతుంది, పైకెక్కి గాలిగొట్టంలో పడాలంటే కష్టం. బోర్లా వేస్తేనే తలకిందులవుతుంది. స్టీలు గ్లాసు మీద గరిటె పెట్టి చూపించాను. నమ్మలేదు, కానీ దిండు తీసేసింది.

వెల్లకిలా, చదునైన గట్టి పరుపు మీద. పరుపు కింద తువ్వాలు మడిచి ఎత్తు చేయొద్దు, పిల్ల కిందికి జారి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి దారి ముడుచుకుంటుంది. వాలుగా ఉండే పడకలను అమెరికాలో 2022 చట్టంతో నిషేధించారు. కార్ సీట్లో నిద్రపోతే ఇంటికి రాగానే తీసి పడుకోబెట్టండి. బోర్లా పడుకోబెట్టడం మేలుకుని ఉన్నప్పుడు, మీ ముంజేతి మీద, మీ కళ్ళెదుటే. అప్పుడు చొంగంతా కిందికి కారిపోతుంది, దానికి మించిన బల్బు లేదు.

ఎప్పుడు ఆగకూడదు

డొక్కలెగరేస్తుంటే, ముక్కుపుటాలు ఎగురుతుంటే, ఊపిరి వదిలినప్పుడల్లా మూలుగుతుంటే, నిమిషానికి అరవై సార్లకు మించి ఊపిరి తీస్తుంటే ఆస్పత్రికే. ఊపిరి లెక్క పిల్ల నెమ్మదిగా ఉన్నప్పుడు పూర్తి నిమిషం చూడాలి. పెదాలో నాలుకో నీలంగా మారినా, ఊపిరి ఇరవై సెకన్లు ఆగినా, కళ్ళు తేలేసి కొట్టుకున్నా, ఎంత లేపినా లేవకుండా మెత్తబడిపోయి నోట్లోంచి చొంగ కారుతున్నా 911, మనూళ్ళో అయితే 108. మందు మీద ఉన్న పిల్లలో ఆ చివరిది మందు ఎక్కువైందనడానికి గుర్తు కావచ్చు.

మూడు నెలల లోపు పిల్లకు జ్వరం 100.4 చూపించిందంటే రాత్రి రెండైనా డాక్టరుకు ఫోన్ చేయండి. మత్తు దిగేటప్పుడు కూడా ఒళ్ళు కాస్త వెచ్చబడుతుంది, కానీ ఏది ఏదో తేల్చాల్సింది మనం కాదు. వరసగా రెండుసార్లు పాలు ముట్టకపోయినా, డైపర్లు తడవడం తగ్గినా, ఆకుపచ్చగా కక్కినా అంతే.

పుట్టినప్పట్నుంచీ నురగనురగగా చొంగ వస్తూ, పాలు పట్టిన ప్రతిసారీ పొలమారి నీలమైపోతుంటే అది మత్తు దిగడం అనుకుని ఊరుకోవద్దు. అన్నవాహిక మూసుకుపోయి పుట్టే పిల్లలుంటారు, ఆ చొంగ అలాగే ఉంటుంది. ఎక్కువగా ఆస్పత్రిలోనే పట్టేస్తారు.

నిజం పడిశం కూడా వస్తుంది. ఇంట్లో ఎవరో తుమ్ముతుంటే, నిన్నటిదాకా బాగున్న పిల్లకు ఒక్కసారిగా ఎక్కువైతే అనుమానించండి. చలికాలం ఊపిరితిత్తులకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్ ఉంది. దానికి నిర్సెవిమాబ్ అనే సూది అమెరికాలో 2023 నుంచి ఇస్తున్నారు, మా చివరి ఇద్దరికీ వేయించాం.

తల్లి చేతికి

వారానికి రెండుసార్లు పాపను కన్నతల్లికి చూపించడానికి తీసుకెళ్ళాలి. మూడో పాప తల్లి మత్తు మానడానికిచ్చే బ్యూప్రెనార్ఫిన్ వైద్యంలో ఉంది, మా అమ్మాయికన్నా ఏడాది పెద్దదేమో. మొదటిసారి పాప ముక్కు గురగురమంటుంటే నా వంక చూసి, "ఇది నావల్లే కదా" అంది. నాకేం చెప్పాలో తోచలేదు. బల్బు చేతికిచ్చి, గాల్లో నొక్కు, ముందు నోరు, తర్వాత ముక్కు అని చూపించాను. ఆమె చేతులు నా చేతులకన్నా నిదానం. చుక్కలు వేశాక నిమిషం ఆగమంటే నిజంగానే నిమిషం ఆగింది, పెదాలు కదుపుతూ అరవై లెక్కపెట్టుకుంటూ. పాప తుమ్మింది. ఇద్దరం నవ్వాం.

ఏడో నెలలో ఆ పాప తల్లి దగ్గరికే వెళ్ళిపోయింది. సంచీలో ప్రతిసారీ పెట్టే కాగితం ఒకటుంది. వచ్చేటప్పుడు ఏ పిల్లతోనూ అలాంటిది రాదు, అందుకే వెళ్ళేటప్పుడు నేను రాసి పెడతాను. ఆ రోజు రాసింది ఇది:

"ఎడమ ముక్కు ఎక్కువ దిబ్బడేస్తుంది. పొద్దున పాలకు ముందు చుక్కలు, అంతే, బల్బు వారానికి ఒకసారి కూడా అవసరం రావట్లేదు. ఎడమ పక్కకు తిప్పి పాలు పడితే కక్కదు. తువ్వాలు ఆరబెట్టే మెషీను చప్పుడుకు ఉలిక్కిపడుతుంది, వాక్యూమ్ క్లీనర్‌కు పడదు, ఎందుకో తెలీదు. మెడ మడతలో కుడివైపు చూస్తూ ఉండు. గుడ్డలు ఎనిమిది పెట్టాను, అవి మా నాన్నవి, ఉంచుకో. బల్బు కొత్తది, పాతది పారేశాను."